నాన్న జేబులో రెండు క్వార్టర్లు

మా నాన్న ఆర్టీసీలో కండక్టరుగా చేరి కంట్రోలరుగా రిటైరయ్యారు. చిల్లరంటే ఆయనకు భక్తి. 2004లో మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు, వాకింగ్‌కి వెళ్ళేముందు జేబులో రెండు క్వార్టర్లు (పావు డాలరు నాణేలు), నా నంబరు రాసిన చీటీ పెట్టుకోమని చెప్పాను. దారి తప్పితే, నాణేలు వేసి బట్టలు ఉతుక్కునే లాండ్రోమాట్ గోడకి పే ఫోన్ ఉంది, అర డాలరు వేసి నాకు చేయండి అని. ఆయన ఆ ఆరు నెలల్లో ఒక్కసారీ దారి తప్పలేదు. క్వార్టర్లు మాత్రం రోజూ జేబులో ఉండేవి.

2025 అక్టోబర్లో మళ్ళీ వచ్చారు. ఇప్పుడు డెబ్భై ఎనిమిదేళ్ళు. ఒకరోజు మధ్యాహ్నం భోజనం చేసి నడకకి బయల్దేరారు. ఫోన్ ఛార్జింగ్‌కి పెట్టి వదిలేశారు. ఇండియా సిమ్ము కదా, ఇల్లు దాటితే వైఫై ఉండదు, ఇక దాన్ని మోయడం దండగ అని ఆయన లెక్క. ఎప్పుడూ వెళ్ళే దారిలో రోడ్డు తవ్వి మూసేశారు. పక్కదారి పట్టుకుంటే అన్నీ ఒకే రంగు టౌన్‌హౌస్‌లు. తిరిగి తిరిగి ఎలాగో పెద్ద రోడ్డు మీదకు వచ్చేసరికి ఎదురుగా ఆ లాండ్రోమాట్ కనిపించిందట. ఇరవై ఏళ్ళ క్రితం నేను చూపించినదే. ప్రాణం లేచివచ్చి గబగబా గోడ దగ్గరికి వెళ్ళారు.

రేకు డొప్ప ఉంది, పైన సగం చిరిగిన నీలం స్టిక్కరు కూడా ఉంది. లోపల ఫోన్ లేదు. నాలుగు బోల్టు కన్నాలు, బయటికి తొంగిచూస్తున్న వైరు ముక్క. ఎవరో తాగేసిన కాఫీ కప్పు అందులో పెట్టి వెళ్ళారు.

రోడ్డుకి అవతల గ్యాస్ స్టేషన్లో ఒక సర్దార్జీ పంపు దగ్గర నిలబడి ఉన్నాడు. నాన్న హిందీ "ఠీక్ హై" దాకానే. చీటీ చూపించారు. ఆయన తన ఫోన్ తీసి నాకు కొట్టాడు. నేను బేస్‌మెంట్లో మీటింగ్‌లో ఉన్నాను. స్క్రీను మీద "స్పామ్ కావచ్చు" అని వచ్చింది, కట్ చేశాను. రెండోసారి మోగింది, కట్ చేశాను. మూడోసారి తిట్టుకుంటూ కట్ చేశాను. అప్పుడు మెసేజ్ వచ్చింది: మీ నాన్న ఇక్కడ ఉన్నారు, గ్యాస్ స్టేషన్‌కి రండి.

వెళ్ళేసరికి నాన్న ఆ చిన్న అద్దాల గదిలో కుర్చీలో కూర్చుని, సర్దార్జీ ఫ్లాస్కులోంచి పోసిన టీ తాగుతున్నారు. కారెక్కాక అడిగారు.

"ఆ ఫోన్ ఎందుకు పీకేశార్రా?"

"ఎవరూ వాడట్లేదు నాన్నా."

"నేను వాడదామనేగా వెళ్ళింది."

ఆ తర్వాత మూడు వారాలకనుకుంటా, నవంబర్ 12న, ఫిలడెల్ఫియా టంకశాలలో చలామణీ కోసం ఆఖరి పెన్నీ కొట్టారు. 1793 నుంచి ఉన్న నాణెం. ఒక సెంటు నాణెం తయారు చేయడానికి 3.69 సెంట్లు ఖర్చవుతుంటే ఏ ప్రభుత్వం మాత్రం ఎన్నాళ్ళు భరిస్తుంది? ఆ వారమంతా ఎక్కడ చూసినా జాబితాలే. అమెరికాలో మాయమవుతున్నవి: పెన్నీ, చెక్కు, ఫోన్ బుక్కు, ఇంటికొచ్చే పేపరు, మాల్, గేరు కారు. పాతకాలం మీద బెంగ. కింద నవ్వులు, ఏడుపులు. నేనూ చదివాను. చదువుతుంటే నాకు వీటిలో కొన్నిటి మీద ఏ బాధా కలగలేదు, కొన్నిటి దగ్గర మాత్రం ఆ డొప్ప గుర్తొచ్చింది. ఈ తేడా ఏమిటో తేల్చుకుందామనే ఈ పోస్టు.

పేరు అడగనివి

పెన్నీ గురించి ముందే చెప్పేస్తాను. పోతే పోనీ. రౌండింగ్ (బిల్లుని దగ్గరి ఐదు సెంట్లకి సర్దడం) అనగానే ఇక్కడి వాళ్ళు ఎందుకంత టెన్షన్ పడుతున్నారో నాన్నకు అర్థం కాలేదు. టికెట్టు వెనక "బాకీ" అని రాసిచ్చి దిగేటప్పుడు తీసుకోమన్న మనిషి ఆయన. "పైసలు పోయినప్పుడు మాకేం భూకంపం రాలేదు" అన్నారు. పెన్నీని ఆపితే దుకాణాల్లో నికెళ్ళు, అంటే ఐదు సెంట్ల నాణేలు, ఎక్కువ కావాలి, నికెల్ అచ్చు వేయడానికి 13.78 సెంట్లు అవుతుందని చెబితే మాత్రం ఆయన చాలాసేపు నవ్వారు.

నాకు గుర్తున్నది పెన్నీ కాదు, దాని కోసం క్యాష్ కౌంటర్ల దగ్గర పెట్టే చిన్న ప్లాస్టిక్ గిన్నె. మీ దగ్గర రెండు సెంట్లు మిగిలితే అందులో వేసి పోతారు, తర్వాత వచ్చినవాడికి రెండు సెంట్లు తగ్గితే అందులోంచి తీసుకుంటాడు. 2004లో నాన్న దాన్ని పరీక్షగా చూసి "ఎవరూ చూడనప్పుడు మొత్తం ఊడ్చుకుపోరా?" అన్నారు. పోరు. ఎందుకు పోరని అడిగితే నా దగ్గర జవాబు లేదు. గిన్నెలో మహా అయితే పదిహేను సెంట్లు ఉంటాయి, అందుకేనేమో. పేపరు డబ్బా మాత్రం అంత చౌక కాదు. రోడ్డు పక్కన ఇనప డబ్బాలో నాణేలు వేస్తే తలుపు తెరుచుకుంటుంది. లోపల ఇరవై పేపర్లు ఉంటాయి. ఒకటి తీసుకుని తలుపు వేసేయాలి. వేసేసేవాళ్ళు.

1998లో నేను న్యూజెర్సీ రాష్ట్రంలోని జెర్సీ సిటీలో దిగాను. వైటూకే, అంటే 2000 సంవత్సరం తేదీల కంప్యూటర్ సమస్య, పుణ్యమా అని వచ్చిన మంద. జర్నల్ స్క్వేర్ దగ్గర గెస్ట్‌హౌస్‌లో రెండు గదులు, తొమ్మిదిమంది. ఇక్కడి గుర్తింపు నంబరుండే సోషల్ సెక్యూరిటీ కార్డు రావడానికి మూడు వారాలు పట్టింది. అప్పటిదాకా బ్యాంకు అకౌంటు లేదు, ఫోన్ లేదు, ఈ దేశం దృష్టిలో నేనెవరినో నాకే తెలీదు. అయినా ఆ మూడు వారాల్లో నేను చేయలేకపోయిన పని పెద్దగా లేదు. న్యువార్క్ ఎవెన్యూలో ఐదు డాలర్ల కాలింగ్ కార్డు కొని, వీధి చివర పే ఫోన్‌లోంచి ఇంటికి మాట్లాడాను. క్వార్టర్లతో బట్టలు ఉతుక్కున్నాను. డబ్బాలోంచి స్టార్ లెడ్జర్ పేపరు తీసుకుని క్లాసిఫైడ్స్‌లో సెకండ్‌హ్యాండ్ కారు వెతుక్కున్నాను. తర్వాత ఆ కారేసుకుని పార్క్‌వే ఎక్కితే, టోల్ దగ్గర అద్దం దించి ప్లాస్టిక్ బుట్టలోకి చిల్లర విసిరేవాళ్ళం. గురి తప్పితే దిగి ఏరుకునేవాళ్ళం, వెనక కార్లు హారన్లు కొట్టేవి.

వీటిలో ఒక్కటి కూడా నన్ను నీ పేరేంటి అని అడగలేదు. ఈమెయిల్ అడగలేదు, ఫోన్ నంబరుకి కోడ్ పంపించలేదు. నాణెం ఉందా లేదా, అంతే. ఇప్పుడు ఆ పనులన్నీ ఇంకా సుఖంగా జరుగుతున్నాయి, కానీ ప్రతిదానికీ ముందు నువ్వెవరో చెప్పాలి. కారు ఆపకుండానే టోల్ కోసుకునే ఈజీపాస్‌కి నా కారు ఏ రోజు ఏ ఎగ్జిట్లో దిగిందో తెలుసు. ఆ బుట్టకి తెలీదు. జాబితాల్లో నన్ను ఆపినవన్నీ ఈ కోవకి చెందినవే. గేరు కారు పోతే నాకేం?

ఈ మాట బుర్రలో తిరుగుతుండగానే ఒకరోజు జర్నల్ స్క్వేర్ మీదుగా వెళ్ళాల్సి వచ్చింది. ఆ చౌరస్తాకి, పాత్ రైలు స్టేషన్‌కి ఆ పేరు జెర్సీ జర్నల్ అనే పేపరు వల్ల వచ్చింది. 1867లో మొదలైన ఆ పేపరు 2025 ఫిబ్రవరి 1న మూతపడింది. మర్నాడే స్టార్ లెడ్జర్ అచ్చు ఆగిపోయింది, అది ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే. స్టేషన్ పేరు అలాగే ఉంది. రోజూ అక్కడ దిగేవాళ్ళలో ఆ జర్నల్ ఏమిటో ఎంతమందికి తెలుసో.

ఫోన్ బుక్కులో రావుగారు

నాకంటే ముందు తరంవాళ్ళని అడిగితే ఇంకా వింతగా చెబుతారు. మా గుడిలో వాలంటీరుగా చేసే ఒక పెద్దాయన 1972లో ఒహాయోలో ఒక చిన్న ఊళ్ళో దిగారు. మోటెల్ గదిలో సొరుగు తెరిస్తే బైబిలూ, దాని పక్కన ఫోన్ బుక్కూ. ఆయన బైబిల్ పక్కకి పెట్టి, ఫోన్ బుక్కులో ఇళ్ళ నంబర్లుండే వైట్ పేజెస్‌లో "ఆర్" తీశారు. ఆ కౌంటీ మొత్తానికి ముగ్గురు రావులు. మొదటి రావు కన్నడం. రెండో రావుకి ఫోన్ చేసి "మీరు తెలుగువారా అండీ?" అనగానే అవతల కాసేపు మాట లేదట. తర్వాత ఆయన ఏ మోటెలో కనుక్కుని, గంటలో కారేసుకుని వచ్చి ఇంటికి తీసుకెళ్ళి పప్పన్నం పెట్టారు. కన్నడం రావుగారు కూడా ఆ వారాంతం భోజనానికి పిలిచారు.

ఇలాంటి కథ ఆ తరంలో చాలామంది దగ్గర ఉంటుంది. రెడ్డి అయితే రెడ్డి, రావు అయితే రావు, వేలితో వరస పట్టుకుని వెతకడం, తెలీని మనిషికి ఫోన్ కొట్టడం. పుస్తకంలో అందరి పేరూ, నంబరూ, చాలామంది అడ్రసు కూడా. పేరు వద్దంటే వాళ్ళే ఎదురు డబ్బులు కట్టి తీయించుకోవాలి.

ఇది రాస్తుంటే నాకే నవ్వొస్తోంది. ఈ కథని మెచ్చుకుంటున్న నేనే, స్వయానా మా నాన్న కోసం వచ్చిన ఫోన్‌ని మూడుసార్లు కట్ చేశాను. ఇవాళ ఎవరైనా "మీరు తెలుగువారా అండీ?" అని తెలీని నంబరు నుంచి చేస్తే బ్లాక్ చేస్తాను, ఆ తర్వాత "తెలుగులో కూడా మోసాలు మొదలయ్యాయి, జాగ్రత్త" అని నాలుగు గ్రూపుల్లో పెడతాను. వైట్ పేజెస్‌లో ఒంటరిగా ఉండే ఆడవాళ్ళ పేర్లు, అడ్రసులు కూడా ఉండేవి. చాలామంది ఇంటిపేరు ముందు ఒట్టి పొడి అక్షరం వేయించుకునేవాళ్ళు, ఉంటున్నది ఆడమనిషని తెలీకుండా. ఆ రావుగారి పప్పన్నమూ, ఈ భయమూ ఒకే పుస్తకంలోవి.

ఎవరినీ అడగలేదా?

మా ఆవిడకి ఇదంతా చెబితే ఒక్క మాటతో గాలి తీసేసింది. "నిన్ను అడగలేదు సరే, అందరినీ అడగలేదంటావా?"

నిజమే. 1960 ఫిబ్రవరి 1న నార్త్ కరోలినాలో గ్రీన్స్‌బొరో వూల్‌వర్త్ దుకాణంలో లంచ్ కౌంటర్ దగ్గర కూర్చున్న నలుగురు నల్లజాతి విద్యార్థుల చేతిలో కూడా డబ్బులు ఉన్నాయి. అదే దుకాణంలో పక్క కౌంటర్లో వస్తువులు కొన్నారు కూడా. భోజనం కౌంటర్ మాత్రం పెట్టనంది. కౌంటర్ వెనక మనిషి ఉంటే పేరు అడగక్కర్లేదు, ముఖం చూస్తే చాలు. చెయ్యెత్తితే ఆపకుండా పోయిన టాక్సీల గురించి నా నల్లజాతి స్నేహితులు చెప్పిన కథలు విన్నాను. యాప్ వచ్చాక నయమైందని వాళ్ళే అంటారు.

మరి ఆ కాలంలో ముఖం చూడకుండా అమ్మినది ఏదైనా ఉందా అంటే, పోస్టులో సరుకులు అమ్మే సియర్స్ కంపెనీ కేటలాగు ఉంది. అమెరికా దక్షిణాదిలో పల్లెటూరి షావుకారు తెల్లవాళ్ళందరికీ ఇచ్చేదాకా నల్లవాళ్ళని నిలబెట్టేవాడు, అప్పుల పేరుతో తన గుప్పిట్లో పెట్టుకునేవాడు. కేటలాగులో గుర్తు పెట్టి డబ్బులు పోస్టులో పంపిస్తే అదే గుడ్డ, అదే కుట్టుమిషను, అదే ధరకి ఇంటికొచ్చేది. చరిత్రకారులు దీని గురించి బాగా రాశారు. ఆ పెద్ద కేటలాగు 1993లో ఆగిపోయింది. నేను దిగేటప్పటికే అది జ్ఞాపకం.

కాబట్టి పాత వస్తువులన్నీ ఉదారమైనవనీ, కొత్తవన్నీ నిలదీసేవనీ నేను అనలేను. అలా అనాలని ఉంది, కానీ మా ఆవిడ ఒప్పుకోదు.

పోయిన ఆగస్టులో మా మేనల్లుడు ఎంఎస్‌కి వచ్చాడు. నా సిద్ధాంతం ప్రకారం వాడు నాకంటే ఎక్కువ కష్టపడాలి. శంషాబాద్‌లోనే ఈసిమ్ వేయించుకుని విమానం ఎక్కాడు. దిగగానే మా అక్కతో వీడియోలో మాట్లాడాడు, పైసా ఖర్చు లేదు. నా ఐదు డాలర్ల కార్డులో కనెక్షన్ ఫీజు, పే ఫోన్ నుంచి చేసినందుకు అదనపు కోత పోగా, అట్ట మీద రాసిన నిమిషాల్లో సగం కూడా దొరికేవి కావు. "అమ్మా బాగున్నావా" అనేలోపు ఆ ఇంగ్లిషావిడ గొంతు, మీకు ఒక నిమిషం మిగిలింది అని. ఆ రోజుల్ని ఎవరైనా బంగారు రోజులంటే నేనే కొడతాను.

వాడికి వచ్చిన ఇబ్బంది ఒక్కటే. అపార్ట్‌మెంట్‌లో వాషింగ్ మిషన్లకి క్వార్టర్లు వేసే కన్నం తీసేసి యాప్ పెట్టారు. యాప్‌కి ఇక్కడి ఫోన్ నంబరు, ఇక్కడి కార్డు కావాలి. అది కూడా రూమ్మేట్ యాప్‌తో రెండు వారాలు గడిపేశాడు. రాకముందే మూడు వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నవాడికి దిగులేముంది? గుంపుతో వచ్చినవాణ్ణి ఈ దేశం ఇప్పటికీ ఏమీ ఇబ్బంది పెట్టదు.

మరి ఎవరికి ఇబ్బంది? ఇక్కడే నేను కొంచెం వెనక్కి తగ్గి దారి మార్చుకోవాల్సి వచ్చింది. కొత్తగా వచ్చినవాడికి కాదు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళకి, అకౌంట్లలో ఎక్కనివాళ్ళకి. బ్యాంకు అకౌంటే లేని కుటుంబాలు ఈ దేశంలో 4.2 శాతం అని బ్యాంకు డిపాజిట్లకి బీమా ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఐసీ 2023 సర్వే చెప్పింది, అంటే 56 లక్షల ఇళ్ళు. 2025 సెప్టెంబర్ 30 నుంచి ఫెడరల్ ప్రభుత్వం పేపరు చెక్కులు ఆపడం మొదలుపెట్టింది. సోషల్ సెక్యూరిటీ పింఛను తీసుకునేవాళ్ళలో చెక్కు మీద బతికేవాళ్ళు ఒక శాతం కన్నా తక్కువే, కానీ ఆ శాతంలో ఎవరుంటారో ఊహించుకోవచ్చు. విచిత్రంగా అదే రోజున ఏఓఎల్ కంపెనీ డయలప్, అంటే ఫోన్ లైను మీద నడిచే పాత ఇంటర్నెట్, కూడా ఆగింది. గుయ్యిమనే ఆ శబ్దం కోసం మా బ్యాచ్ అంతా ఏడ్చారు. చెక్కు కోసం ఏడ్చినవాళ్ళు నాకు కనపడలేదు.

న్యూజెర్సీకి ఈ సంగతి తెలియక కాదు. దుకాణాలు నగదు తీసుకోం అనడానికి వీల్లేదని 2019లోనే చట్టం చేసింది. కానీ పార్కింగ్‌కి మినహాయింపు ఉంది. మొన్న అమ్మనీ నాన్ననీ సముద్రం చూపిద్దామని ఒక ఊరు తీసుకెళ్తే, పార్కింగ్ మీటరు స్తంభం మీద నాణెం కన్నం లేదు, బోర్డు మీద చదరపు క్యూఆర్ కోడ్ ఒక్కటే ఉంది. నా ఫోన్ బ్యాటరీ అయిపోయింది. నాన్న పర్సు తీసి ఇరవై డాలర్ల నోటు పట్టుకుని స్తంభం చుట్టూ తిరిగారు. "డబ్బులుండి కట్టలేకపోవడం ఏంట్రా?" అన్నారు. ఏళ్ళ తరబడి టికెట్ డబ్బులు వసూలు చేసిన మనిషికి అది నిజంగా అర్థం కాని సంగతి.

ఎవరివమ్మా నువ్వు?

వస్తువుల్ని వదిలేస్తే, ఒక్క ఆచారం గురించి మాత్రం నా మనసు ఎటూ తేలదు. హాలోవీన్, అంటే పిల్లలు వేషాలేసుకుని ఇల్లిల్లూ తిరిగి చాక్లెట్లు అడిగే రాత్రి. మా మొదటి హాలోవీన్ నాటికి మాకు దాని సంగతే తెలీదు. బెల్ మోగింది, తలుపు తీస్తే ఒక దెయ్యం, ఒక గుమ్మడికాయ, ఒక ఫైరింజన్. ఇంట్లో చాక్లెట్లు లేవు. మా ఆవిడ పార్లే-జి ప్యాకెట్లు ఇచ్చింది. ఫైరింజన్ చాలా మర్యాదగా థాంక్యూ చెప్పి వెళ్ళింది.

నాకు ఆ పండగలో నచ్చిందల్లా, బెల్ కొట్టిన పిల్ల ఎవరి పిల్ల అని ఎవరూ అడగరు. పక్క వీధి నుంచైనా, అసలు ఆ ఊరే కాకపోయినా, గుమ్మం దీపం వెలుగుతుంటే రావచ్చు. మా పిల్లలు పెద్దయ్యేలోపు మా చుట్టుపక్కల ఇది చాలావరకు స్కూలు పార్కింగ్ లాట్‌కి మారింది. కార్లు వరసగా పెట్టి, డిక్కీలు తెరిచి అలంకరించి, అక్కడే చాక్లెట్లు పంచుతారు. ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. చీకట్లో రోడ్లు దాటే పిల్లల్ని ఆ రాత్రి కార్లు గుద్దడం మామూలు రోజులకంటే ఎక్కువ, అది నిజం. ఇద్దరు పిల్లల తండ్రిగా నేనూ డిక్కీ తెరిచినవాణ్ణే. మా వీధిలో ఈసారి బెల్ నాలుగుసార్లు మోగింది. రెండు బస్తాల చాక్లెట్లు ఇప్పటికీ గరాజ్‌లో ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం నాన్నకి అక్కడ ఒక మనిషి దొరకడం కూడా ఒక పాతకాలపు చట్టం పుణ్యమే. న్యూజెర్సీలో మన పెట్రోలు మనం కొట్టుకోకూడదు, 1949 నుంచీ అంతే. ఆరెగన్ రాష్ట్రం కూడా 2023లో ఆ నియమం వదిలేసింది, ఇప్పుడు దేశం మొత్తంలో మేమొక్కళ్ళమే మిగిలాం. నేను ఇన్నేళ్ళూ ఆ చట్టాన్ని వెక్కిరించినవాణ్ణి. చలికాలంలో కార్లో కూర్చునే వెక్కిరించాను, అది వేరే సంగతి. దాన్ని ఎత్తేస్తే గ్యాలను మీద కొన్ని సెంట్లు తగ్గుతాయని వాదించే పక్షంలోనే ఉండేవాణ్ణి. ఆ లెక్క ఇప్పటికీ తప్పని అనను. కానీ ఆ పంపు దగ్గర కార్డు మిషన్ ఒక్కటే ఉండి ఉంటే, నాన్న చీటీ ఎవరికి చూపించేవారు?

మర్నాడు నాన్న ఫోన్‌కి లోకల్ సిమ్ వేయిద్దామని వెళ్ళాం. పాస్‌పోర్టు అడిగారు, అడ్రసు అడిగారు, ఈమెయిల్ అడిగారు. నాన్నకి ఈమెయిల్ లేదు. అక్కడే నిలబడి ఒకటి తయారు చేశాను, దానికి కోడ్ నా ఫోన్‌కి వచ్చింది. ముప్పావు గంట పట్టింది. నెలకి ఎంత అని అడిగారు. పదిహేను డాలర్లు అన్నాను.

కారెక్కి బెల్టు పెట్టుకుంటూ లెక్క వేసేశారు. "అరవై క్వార్టర్లు. ఫోనుకి రెండు. అంటే నెలకి ముప్పైసార్లు తప్పిపోతేగానీ గిట్టుబాటు కాదు."